కింది తొట్టి

ఆ రోజుల్లో ఛత్రినాకలో ఇంకా బర్రెల కొట్టాలుండేవి. తెల్లారకముందే పాలక్యాన్లు కట్టుకున్న సైకిళ్లు లొడలొడమంటూ గల్లీల్లోంచి లాల్‌దర్వాజా వైపు పోతుంటే ఆ చప్పుడుకు సగం బస్తీ లేచేది. మిగతా సగాన్ని కొమురమ్మ గొంతు లేపేది. ఇప్పుడు ఆ కొట్టాలూ లేవు, ఆ గొంతూ లేదు. తలుచుకుంటే తడిగడ్డి వాసనా, కాగిన పాల వాసనా కలిసి ఇప్పటికీ ముక్కుకు తగులుతాయి. పాలు తప్ప మరో వ్యాపారం ఎరగని ఆ ఇంటి ముందు గదిలో సముద్రం తెచ్చి పెడతానన్నాడు కొమురమ్మ చిన్నకొడుకు అంజన్. అన్నట్టే పెట్టాడు కూడా.

అంజన్ ఓడల మీద ఇంజను గదిలో పనిచేసి వచ్చినవాడు. ఊరికే కూచోవడం చేతకాని మనిషి. బోనాలకు ముందు గురువారం పొద్దున అతను నేల మీద బోర్లా పడుకుని బల్ల కిందికి తల దూర్చి ఉన్నాడు. బల్ల మీద పెద్ద అద్దాల తొట్టి. అందులో రామేశ్వరం జాలరి ఒకాయన తడిగోనెల్లో చుట్టి రైల్లో పంపిన రాళ్లు, రాళ్ల మీద ఊదారంగు పొర, వాటి నడుమ సముద్రపు పువ్వు. పేరుకే పువ్వు. రేకులు కదిలిస్తూ తిండి పట్టుకునే జీవి అది. తెల్ల పట్టీలున్న నారింజ రంగు చేపలు రెండు దాని రేకుల్లో దూరి, ఇల్లు తమదే అన్నట్టు తిరుగుతుంటాయి. వచ్చినవాళ్లందరూ చూసి మెచ్చుకునే తొట్టి అది.

బల్ల కింద ఇంకో తొట్టి ఉంది. ఆండాలు తన పాత చీర చింపి కుట్టిన పరదా దానికి అడ్డం. పై తొట్టి నిండి పొర్లే నీళ్లు గొట్టం గుండా ఇందులోకి దిగుతాయి. మొదటి అరలో మడ్డి ఆగుతుంది. నడిమి అరలో సముద్రపు బురద, రాళ్ల ముక్కలు, మెలికలు తిరిగిన పచ్చటి నాచు. చివరి అరలో అంజన్ సింగపూర్‌లో కొన్న ప్లాస్టిక్ పంపు. తేటపడ్డ నీళ్లను అది మళ్లీ పైకెక్కిస్తుంది. రాత్రీ పగలూ దానికి అదే పని.

"ఇగ సూడన్నా, పంపు బంద్ జేస్తున్న" అన్నాడు అంజన్.

అతని అన్న కృష్ణయ్య లుంగీ ఎగగట్టి కాస్త దూరం జరిగాడు. ముందటి వారం కరెంటు పోయినప్పుడు పై తొట్టి నీళ్లు కిందికి దిగి, కింది తొట్టి పొంగి, గదంతా చెరువై కొమురమ్మ చాప తడిసింది. ఆ లొల్లి బస్తీ అంతా విన్నది. అందుకే అంజన్ గొట్టం ఎత్తు మార్చాడు. పంపు నడుస్తున్నప్పుడు కింది తొట్టిలో నీళ్లు ఎక్కడిదాకా ఉండాలో ఎర్రగీత గీశాడు. సదర్ పండక్కి దున్నపోతు కొమ్ములకు పూయగా మిగిలిన రంగు అది.

పంపు ఆగింది. పైనుంచి నీళ్లు మెల్లగా దిగాయి. ఎర్రగీత దాటి పైకి లేచి, అంచుకు కొంచెం కింద ఆగిపోయాయి.

"ఆగినయ్ రా" అన్నాడు కృష్ణయ్య, నిజంగానే సంబరపడి. "మరి గీ పాచంతా ఎందుకు? పైన మంచిగనే ఉండె గద."

"పైనున్నోళ్ల మురికి తినేదే ఇది అన్నా. చేప కంటపడితే గుటుక్కున మింగే చిన్న చిన్న పురుగులు గూడ ఈడ దాక్కొని బతుకుతయి. మా ఓడల రెండో ఇంజినీరు, జర్మనాయన, కాబిన్ల గిట్లనే పెట్టుకునెటోడు. కిందిది బతికుంటే పైది ఎప్పుడన్న లేపొచ్చు అనెటోడు."

"ఏం లేపుడో ఏమో. ఆ నీళ్ల సప్పుడుకు నాకు గడియకోపాలి బయటికి పోబుద్ధైతుంది" అంది కొమురమ్మ, గడప దగ్గర కూచుని వక్కలు కత్తిరిస్తూ.

అంజన్ భార్య ఆండాలు పేడచేతులతో వాకిట్లో నిలబడి ఇదంతా వింటోంది. ఆ చేతులతో ముందు గదిలోకి రాకూడదని అత్తగారి కట్టడి. చేతులు కడుక్కుని వచ్చేసరికి ఇంకో పని పిలుస్తుంది. మొగుడు ఓడల మీద ఉన్న ఏళ్లన్నీ ఆమె అలా కొట్టానికీ వంటింటికీ మధ్యనే తిరిగింది. అతణ్ని పట్టుకుపోయిన సముద్రాన్ని తెచ్చి ఇంట్లోనే కూచోబెట్టడం ఏమిటని ఆమెకు మొదట్లో ఒళ్లు మండింది. సవతిని తెచ్చినా ఇంత మురిపెంగా చూసుకోడేమో అనుకుంది.

కొట్టంలో గడ్డి వేస్తుంటే కృష్ణయ్య వచ్చి గొంతు తగ్గించాడు.

"వైజాగు ఏజెంటు మళ్ల ఫోన్ జేసిండు, కిరాణం దుకాణంకు. కొత్త ఓడ ఉన్నదట. బోనాలైనంక చెప్త అన్నడట వీడు."

"నాతోని ఏం అనలే బావా."

"వాడు ఎవ్వలతోని అన్నడు? ఒక్కటి విను. ఆ అద్దాల డబ్బ బతికున్నన్ని దినాలు వాడు ఈడుంటడు. అది సచ్చిందంటే పెట్టె సదురుకుంటడు."

ఆ పెట్టె అతని మంచం కింద ఉంటుంది. నల్ల ఇనుపపెట్టె, మూత మీద ఏవేవో దేశాల కాగితాలు అతికించి ఉంటాయి. అంజన్ వచ్చి ఏడాది కావస్తున్నా అందులోంచి బట్టలు తీసి గూట్లో పెట్టుకోలేదు. కావలసిన చొక్కా తీసుకుని మళ్లీ మూత వేస్తాడు. ఆ మూత పడ్డ చప్పుడు విన్నప్పుడల్లా ఆండాలు చేతిలో పని ఆపి అటు చూసేది. కృష్ణయ్య మాటతో ఆమెకు తొట్టి మీదున్న కోపం కాస్తా పోయి, దానికి ఎక్కడ ఏమవుతుందోనన్న భయం పట్టుకుంది.

ఆ సాయంత్రమే అంజన్ బాపట్లకు బయల్దేరాడు. తొట్టిలో నీళ్లు కొన్ని తీసి కొత్త సముద్రపు నీళ్లు పోయాలి. వాటికోసం రెండు పాలక్యాన్లు అడిగితే కొమురమ్మ ఇంతెత్తున లేచింది. చేపల నీళ్లు పాలగిన్నెకు తగలడానికి వీల్లేదంది. చివరికి క్యాన్ల లోపల మందపాటి పాలిథిన్ సంచులు తొడిగి చూపిస్తే ఒప్పుకుంది.

ఆండాలు జొన్నరొట్టెలు గుడ్డలో కట్టి ఇస్తూ, "నేను గూడ వస్తే?" అంది.

"యాడికి?"

"సముద్రం కాడికి. నేను ఎన్నడు సూడలే గద."

అంజన్ నవ్వాడు. చెడ్డ నవ్వేం కాదు. "క్యాన్లు మోసుడే ఐతది. నువ్వొచ్చి ఏం జేస్తవు? తొట్టిని సూస్కో. నీళ్లు మాత్రం నిలబడొద్దు. నిలబడ్డ నీళ్లల్ల ఏదీ బతకది." అని క్యాన్లు ఎత్తుకుని వెళ్లాడు. ఆమె మళ్లీ అడగలేదు. ఒకసారి అడగడమే ఎక్కువ అనిపించింది.

శుక్రవారం ఇంటికి సున్నం వేశారు. కొమురమ్మ చీపురు పట్టుకుని మూలమూలా వెతుకుతూ ముందు గదిలోకొచ్చి పరదా ఎత్తింది.

"ఏమే ఆండాలు, ఎల్లుండి చుట్టాలొస్తరు. ఈ బల్లకింది కుళ్లు తీసి మోరీల పారెయ్. వాసన కొడుతుంది."

"ఆయన ఏమంటడో అత్తమ్మా."

"ఏమంటడు? నేను పారెయ్యమన్న అని చెప్పు."

ఆండాలు చేతులు మోచేతుల దాకా కడుక్కుని, పరదా పక్కకు నెట్టి నేల మీద కూచుంది. ఆ తొట్టి ముందు అలా తీరిగ్గా కూచోవడం అదే మొదటిసారి. కుళ్లు వాసన కాదది. ఉప్పూ తడిమట్టీ కలిసిన వాసన. నాచులోకి చెయ్యి పెడితే లోపల ఏదో చిటుకున కదిలింది. ముద్దను కొంచెం ఎత్తి వెలుగులో పట్టుకుంది. వేలిగోరు కన్నా చిన్న పురుగులు, అద్దపు ముక్కల్లాంటివి, వంకర తిరిగి గెంతుతున్నాయి. ఒకదాని కడుపు కింద గుడ్ల గుత్తి ఉంది. రాతి ముక్క చాటున నత్త ఒకటి, దాని పక్కన చాలా కాళ్ల తెల్లటి పురుగు ఒకటి బురదను నెమ్మదిగా నమిలి వదులుతోంది. ఇంతమంది ఇక్కడ చాకిరీ చేస్తుంటే మెచ్చుకోళ్లన్నీ పై తొట్టికి పోతున్నాయా అనుకుంటే ఆమెకు నవ్వొచ్చింది. నవ్వుతూ నవ్వుతూనే కళ్లు చెమ్మగిల్లాయి.

అత్తగారి మాట తీసెయ్యలేదు, అలాగని మోరీ కాలవలో పారేయనూ లేదు. ఆ ఏడు గాలివానకు మామిడి రాలిపోయి పచ్చడి జాడీ ఒకటి ఖాళీగా ఉంది. ఒత్తుగా పెరిగిన నాచు, గుప్పెడు బురద, రెండు రాతి ముక్కలు అందులో వేసి, ఆ తొట్టి నీళ్లే మెడదాకా పోసింది. కింది తొట్టిలో పలచటి నాచు కొంత మిగిల్చింది. కొమురమ్మ వంగి చూసి, "గిప్పుడు జర నయం" అంది.

జాడీని గడ్డి కొట్టులో, పైకప్పు పెంకు పగిలి ఎండ పడే చోట పెట్టింది. నిలబడ్డ నీళ్లల్లో ఏదీ బతకదని అన్నాడు కదా. బర్రెల దగ్గరికి పోయినప్పుడల్లా ఒకసారి అటు వెళ్లి, పొడుగాటి చెక్క గరిటెతో నీళ్లు తిప్పి వచ్చేది. ఎవరికీ చెప్పలేదు. పాచిని పచ్చడి జాడీలో దాచిందని తెలిస్తే ఇల్లంతా నవ్వుతుంది. పైగా ఆ జాడీ తనదనిపించింది. ఆ ఇంట్లో ఆమెకు తనదని చెప్పుకునేందుకు రాగి కాగు ఒక్కటే ఉండేది. ఉస్మాన్‌గంజ్ గోదాముల్లో బస్తాలు మోసిన తండ్రి పెళ్లికి కొనిచ్చిన కాగు.

శనివారం అంజన్ క్యాన్లతో దిగాడు. రైల్లో నిద్ర లేక కళ్లు ఎర్రబడి ఉన్నాయి. నేరుగా పోయి పరదా ఎత్తాడు.

"నాచు తగ్గిందేంది?"

"అత్తమ్మ వాసనొస్తుందన్నది. జర తీసిన."

"సరే తీ. మళ్ల పెరుగుతది" అన్నాడు. చెబుదామని ఆండాలు నోరు తెరిచింది. అప్పటికే అతను చాప మీద వాలి గురక పెడుతున్నాడు.

మధ్యాహ్నం దాటాక కృష్ణయ్య క్యాన్లు కావాలన్నాడు. పండగ ముందు రోజు, పాలు ఎక్కువ పోతాయి. మొగుణ్ని లేపబుద్ధి కాలేదు ఆండాలుకు. రెండు క్యాన్ల నీళ్లు పట్టే పాత్ర ఇంట్లో కాగు ఒక్కటే. దాన్ని పెరట్లోకి దొర్లించి, చింతపండు, బూడిద వేసి తోమడానికి కూచుంది. ఆ మనిషి రైలెక్కి పోయి, ఒళ్లు హూనం చేసుకుని తెచ్చిన నీళ్లవి. ఎట్లాంటి పాత్ర పడితే అట్లాంటి పాత్రలో పోస్తే ఎట్లా? అమ్మవారికి నీళ్లు తెచ్చేది రాగిలోనే, పండగ స్నానానికి కాచేది రాగిలోనే. అడుగూ అంచూ మెరిసేదాకా, మసి మచ్చ లేకుండా తోమింది. పాలిథిన్ సంచి మూతి విప్పి జాగ్రత్తగా వంచితే సముద్రం ఎర్రటి రాగిలో పడి తళతళలాడింది. కాగు మీద ఉతికిన గుడ్డ కప్పింది. చేతులు మండుతున్నా ఆ రోజంతా ఆమెకు మనసు తేలిగ్గా ఉంది.

ఆదివారం పొద్దున బోనం వండక ముందే నీళ్లు మార్చే పని పెట్టుకున్నాడు అంజన్. పై తొట్టిలోంచి రబ్బరు గొట్టంతో పాత నీళ్లు తీశాడు. ఆండాలు పెరట్లో కాగులోంచి ప్లాస్టిక్ బకెట్లు నింపి తెచ్చి అందిస్తోంది. అతను స్టూలు మీద నిలబడి, రాళ్లు కదలకుండా అరచేయి అడ్డం పెట్టి ధారగా పోస్తున్నాడు. అప్పుడే స్నానం చేసిన ఆమె ముందు గదిలోకి రావడానికి ఎవరూ అడ్డు చెప్పలేదు. కొత్త నీళ్లు పోసి పంపు వేశాక, అతను స్టూలు దిగి తడిచేతులు ఆమె కొంగుకే తుడుచుకున్నాడు.

"నువ్వుంటే పని జల్ది అయింది" అన్నాడు.

అంత చిన్న మాటకే ఆండాలు ముఖం వెలిగిపోయింది. బోనం కుండకు పసుపు రాస్తూ, వేపకొమ్మ చుడుతూ, దీపం పెట్టుకుని డప్పుల వెనక గుడి దాకా నడుస్తూ కూడా ఆ మాటే నెమరేసుకుంది. ఆ ఏడు బోనాలు ఎంత బాగా జరిగాయో ఆ బస్తీ పాతవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. పోతరాజు కొరడా చప్పుళ్లు, అమ్మవారికి సాక నీళ్లు పోసిన వీధులు, తడిసిన గులాలు, ఎవరింటికి ఎవరు పోయినా విస్తరి వేసిన రోజులు. సాయంత్రం చుట్టాలు ముందు గదిలో చేరేసరికి పువ్వు ముడుచుకుని పిడికిలంత అయింది. చేపలు నీళ్ల పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి.

"పొద్దుగూకింది గద, పండుకుంటదేమో" అన్నారెవరో. అంజన్ మాత్రం చుట్టాలతో నవ్వుతూనే మాటిమాటికీ తొట్టి వైపు చూశాడు.

సోమవారం తెల్లారేసరికి పువ్వు తెల్లటి జిగురులా కరిగి రాయి మీంచి జారింది. చేపలు రెండూ గొట్టం మూతి దగ్గర పక్కకు ఒరిగి ఉన్నాయి. కింది తొట్టిలో మిగిలిన పురుగులు కూడా అడుగున కదలకుండా పడి ఉన్నాయి. కొమురమ్మ వచ్చి చూసి నిట్టూర్చింది. ఎంత విసుక్కున్నా ఆ చేపలంటే ఆమెకూ ముద్దే.

"చుట్టాల దిష్టి. మిరపకాయలు తిప్పుమంటే వినకపోతివి" అంది కొడుకుతో.

దిష్టి అన్నాక ఇంట్లో ఎవరూ ఇంకేమీ అడగరు. అంజన్ మాత్రం ఒక్కొక్కటే చూసుకుంటూ పోయాడు. పంపు నడుస్తోంది, గొట్టం బాగుంది, నీళ్లు వెచ్చబడలేదు. చేపల్లో ఒకదాని మొప్ప ఇంకా కొట్టుకుంటున్నట్టు తోచి, మిగిలిన కొత్త నీళ్లలో వేద్దామని బకెట్ పట్టుకుని పెరట్లోకి పరుగెత్తాడు. గుడ్డ తీశాడు. కాగు అంచున, నీళ్లు తగిలిన మేరకు, నీలం కలిసిన ఆకుపచ్చ గీత గుండ్రంగా కట్టి ఉంది.

వెనకే వచ్చిన ఆండాలు ఆగిపోయింది.

"నీళ్లు దీంట్ల పోసినవా?"

"అవ్. నేనే పోసిన. బావ క్యాన్లడిగిండు. చింతపండుతోని తోమి మరీ పోసిన."

అంజన్ బకెట్ కింద పెట్టి కాగు పక్కనే గచ్చు మీద కూలబడ్డాడు. తిడతాడని ఆమె ఎదురుచూసింది. తిడితే బాగుండుననిపించింది కూడా.

"ఓడ అడుగుకు ఎర్రరంగు పూస్తరు" అన్నాడు, కాగు అంచు మీది పచ్చ గీతను వేలితో గీరుతూ. "రాగి కలిపిన రంగు. గవ్వ గాని నాచు గాని ఏదీ అంటుకొని బతకొద్దని. ఎన్ని ఓడలకు పూసిన్నో నేను ఈ చేతులతోని. నీకు చెప్పాలన్న సోయి లేకపాయె."

"నాకేమెరుక. మంచి పాత్ర అనుకున్న" అంది ఆండాలు. ఆపుకుందామన్నా ఆగలేదు ఏడుపు. "మనింట్ల గంతకన్న మంచిది లేదు."

అతను లేచి లోపలికి పోయాడు. కొంతసేపటికి లోపలినుంచి గరగరమని ఇనుము నేల మీద రాసుకున్న చప్పుడు వచ్చింది. మంచం కిందినుంచి పెట్టె లాగుతున్న చప్పుడు.

కృష్ణయ్య కొట్టం గుమ్మంలో నిలబడి ఆమె వైపు చూసి తల దించుకున్నాడు. ఆండాలు కన్నీళ్లు తుడుచుకోలేదు. గడ్డి కొట్టులోకి పోయి జాడీ ముందు కూచుంది. తెల్లారి పాలు పిండిన చేతులకు ఇంకా పేడ అంటి ఉంది. గరిటెతో ఒకసారి నీళ్లు తిప్పింది. పైకప్పు సందులోంచి పడ్డ ఎండలో నాచు పచ్చగా విచ్చుకుంది. దాని మెలికల్లోంచి ఆ అద్దపు పురుగులు ఒకటొకటే పైకి లేచి గిరగిరా తిరిగాయి. మొన్నటికన్నా ఎక్కువే ఉన్నాయి. వాటిలో కొన్ని మరీ చిన్నవి, దుమ్ము రేణువుల్లా ఉన్నాయి.

జాడీని రెండు చేతులా పొట్టకు ఆనించి ఎత్తుకుంది. వాకిలి దాటి, గడప దాటి, అలాగే ముందు గదిలోకి వచ్చింది. కొమురమ్మ ఆ చేతులు చూసి ఏదో అనబోయి, కోడలి ముఖం చూసి ఊరుకుంది.

నల్లపెట్టె గది మధ్యలో ఉంది. అంజన్ దాని పక్కన మోకాళ్ల మీద కూచుని ఉన్నాడు. తొట్టిలో చెయ్యి పెట్టి చచ్చిన చేపలను తీశాడేమో, చొక్కా భుజం దాకా తడిసి ఉంది.

"పెట్టె సదురుతున్నవా?" అంది.

"ఇంకేం జెయ్యాలె?"

"పోతే పో. నిన్ను ఆపెటంత దాన్ని నేనెన్నడు కాకపోతిని. గని ఇది సూసి పో."

జాడీ అతని ముందు పెట్టింది. అతను పచ్చడి అనుకున్నట్టున్నాడు, తల కూడా తిప్పలేదు. తర్వాత ఆ ఉప్పు వాసన తగిలింది. వంగి చూశాడు. వేలు నీళ్లలో పెట్టగానే పురుగులు చిటుకు చిటుకున గెంతాయి. ఒకటి అతని గోటి మీదికెక్కి దిగింది.

"ఇది యాడిది?"

"నీ కింది తొట్టిదే. అత్తమ్మ మోరీల పారెయ్యమన్నది. నాకు పారేయబుద్ధి కాలే. ఎన్ని పాలు అమ్మినా, ఎంత పెరుగు అమ్మినా, మళ్లనాటికని గంటెడు పెరుగు గిన్నెల ఉంచుకుంటం గద. గట్లనే ఉంచిన. తిప్పుకుంట వచ్చిన, నీళ్లు నిలబడొద్దన్నవని."

అంజన్ గుడ్లున్న పురుగు ఒకటి అంచుకొస్తే దాన్నే చూస్తూ ఉండిపోయాడు. ఓడల మీద ఎన్ని రేవులు చూశాడో, ఎన్ని రంగుల నీళ్లు చూశాడో. పచ్చడి జాడీ ముందు అలా నోరు తెరుచుకుని కూచున్న కొడుకును చూసి కొమురమ్మ కొంగు మూతికి అడ్డం పెట్టుకుంది.

చివరికి అతను లేచి గదంతా కలయజూశాడు. వెలుతురు కిటికీ దగ్గరే బాగుంది. కిటికీ దిమ్మ ఇరుకు, జాడీ ఆగదు. బల్ల మీద విషమెక్కిన తొట్టి ఉంది. నల్లపెట్టెను కాలితో నెట్టుకుంటూ కిటికీ కిందికి జరిపాడు. జాడీని ఎత్తి, దేశదేశాల కాగితాలు అతికించిన మూత నడిమధ్య నిలబెట్టాడు. ఎండ సరిగ్గా జాడీ మూతి మీద పడింది.

"ఇగ దీన్ని మాటిమాటికి కదపొద్దు. బురద లేస్తది" అన్నాడు.

ఆండాలు పెట్టె వైపు చూసింది. "నీ బట్టలు అండ్లనే ఉన్నయ్ గద."

"ఉండనీ."

వాకిట్లో మళ్లీ డప్పు మొదలైంది. బోనాల రెండోనాటి ఊరేగింపు బయల్దేరే వేళయింది. అంజన్ తడిచొక్కా విప్పి మంచం కోడు మీద వేశాడు. పెట్టె వైపు ఒకసారి చూసి, వాకిట్లో దండెం మీద ఆరుతున్న అన్న చొక్కా తీసి తొడుక్కున్నాడు. అది అతనికి బాగా వదులు.